స్టాక్ నంబరు 212

"వేలిముద్ర ఎప్పుడు పెట్టించుకున్నరు అవ్వా?"

సాలి కుడికంటి మీద దూదిపట్టీ, దాని మీద నల్లద్దాలు. ఎడమకంటితో సునీత ముఖం వెతుక్కుని జవాబు చెప్పింది.

"శుక్రారం. పొద్దుగాల తొమ్మిదింటికి. ఇద్దరు మనుషులు కారేసుకొని వచ్చిన్రు. మందులు రాసిస్తం, ఏలు పెట్టమన్నరు. పెట్టిన."

"కాయితంల ఏమున్నదో చదివి చెప్పిన్రా?"

"నాకేం సదువుతరు బిడ్డా! నిమిషం గూడ కూసోలే."

సునీత తన చేతిలోని జిరాక్సు కాగితాన్ని బిగ్గరగా చదివింది. "కోదాడ ఆసుపత్రి థియేటర్ నర్సు జమున పరికరాలను సరిగా శుభ్రం చేయనందువల్లే నా కన్ను పోయిందని నేను నమ్ముతున్నాను."

మిర్యాలగూడలో కూతురి ఇంటి వరండాలో, గోడకు ఆనుకుని కూర్చున్న డెబ్బై ఏళ్ళ సాలి మెల్లగా కుడిచేతి బొటనవేలిని ముఖానికి దగ్గరగా తెచ్చుకుని చూసుకుంది.

"కోదాడనా? నాకు ఆపరేషన్ అయింది గీడ, మిర్యాలగూడల. ఆ పిల్ల ఎవరో నేను సూడనే లేదు. నా కన్ను తీసిన్రు, సరే. నా ఏలు గూడ అబద్ధానికే వాడుకున్నరా?"

సునీత ఆ మాటను అక్షరం పొల్లు పోకుండా నోట్‌బుక్‌లో రాసుకుంది. రాస్తుంటే పెన్ను కాగితంలోకి దిగబడింది.

ఆగస్టులో మూడు వారాల వ్యవధిలో ఏడుగురి కళ్ళు పోయాయి. శుక్లాల ఆపరేషన్ అయిన రెండో రోజు కన్ను ఎర్రబడటం, చీము పట్టడం, చూపు ఆరిపోవడం. కోదాడలో ముగ్గురు, మిర్యాలగూడలో ఇద్దరు, సూర్యాపేటలో ఇద్దరు. మూడు ఆసుపత్రులూ 'కాంతిధార' అనే ఒకే కంపెనీవి. ఆ కంపెనీ విజిలెన్స్ అధికారి సాయిబాబు నాలుగంటే నాలుగు రోజుల్లో విచారణ ముగించాడు. కోదాడ కేసులకు కారణం జమున నిర్లక్ష్యమట. మిగతా నలుగురివీ 'యాదృచ్ఛికం' అట. ఆ రిపోర్టుతోనే జమున అరెస్టయి, పదకొండు రోజులు జైల్లో ఉండి, బెయిల్ మీద బయటికొచ్చింది. కోదాడ దాటి పోకూడదు, ఏ రోగి దగ్గరికీ వెళ్ళకూడదు. ఇవీ షరతులు.

జమున తరఫు లాయరు విజయ ఈ కేసును సునీతకు అప్పగించి తొమ్మిది రోజులైంది. సునీత పన్నెండేళ్ళు హైదరాబాదులో ఒక బీమా కంపెనీ డేటాబేసుల్లో దొంగ క్లెయిములు పట్టుకునే పని చేసింది. ఇప్పుడు సూర్యాపేటలో సొంత డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది. కాంతిధార మందుల డిపో మిర్యాలగూడలోనే ఉంది. ఆ డిపోనూ, దాని కంప్యూటర్‌నూ పరిశీలించుకోమని కోర్టు అనుమతి ఇచ్చింది. ఈరోజు పదకొండు నుంచి రెండు వరకు. మూడే మూడు గంటలు.

వరండా మెట్లు దిగుతున్న సునీతను సాలి వెనక్కి పిలిచింది.

"ఆ పిల్లకు జెప్పు బిడ్డా. నేను ఆమె మీద ఏం జెప్పలేదని."

* * *

సునీత డిపోలో అడుగుపెట్టేసరికి పదకొండూ అయిదు. గుమ్మంలోనే సాయిబాబు ఎదురయ్యాడు. కోదాడ మనిషి. ముప్పై ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో తన రిపోర్టు ఫైలు.

"అయిదు నిమిషాలు అప్పుడే పోయాయండీ, సునీత గారూ. కాఫీ తాగుతారా, పని చూసుకుంటారా?"

"సాలి వేలిముద్ర తీసుకున్నది మీ మనుషులేనా?"

"సాక్షుల వాంగ్మూలాలు తీసుకోవడం మా పని."

"మిర్యాలగూడల కన్ను పోయిన మనిషితోటి కోదాడ నర్సు మీద వాంగ్మూలమా? ఏ స్కూల్ల నేర్చుకున్నరు సార్ ఈ పని?"

సాయిబాబు ముఖం ఎర్రబడింది. "మాటలు జాగ్రత్త. నేను చూసిన కేసుల్లో సగం కూడా మీరు పేపర్లో చదివుండరు."

ఆయన వెనక నుంచి డిపో ఇన్‌చార్జి జీవన్ ముందుకొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. అవసరానికి మించి నవ్వుతున్నాడు. సునీత నిలబడే ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఆసుపత్రుల నుంచి వాపసు వచ్చిన సరుకు ఏం చేస్తరు?"

"కాలబెడ్తం మేడం. నెలకొకసారి. సర్టిఫికెట్లు ఉన్నయ్."

"ఆఖరుసారి?"

"పోయిన నెల ఇరవై."

"ప్రతి సీసా మీద మీ కంపెనీ లేబుల్, స్టాక్ నంబరు అతికిస్తరు గదా. ఎక్కడ కొడ్తరు అవి?"

"గీడనే కొట్టేది. మిషిన్ పాడై రెండు వారాలైంది. ఇప్పుడు సూర్యాపేటల కొట్టిచ్చుకుంటున్నం."

"వాపసు సరుకు గది చూపించుండ్రి."

జీవన్ ఒక్క క్షణం సాయిబాబు వైపు చూశాడు. సాయిబాబు తల ఊపాడు.

గది చిన్నది. రెండు ఇనుప ర్యాకులు, రెండూ ఖాళీ. కింద గచ్చు అప్పుడే తుడిచినట్టు తడిగా ఉంది. ఖాళీ గదిని ఎవరు తుడుస్తారు? గది మొత్తం స్పిరిట్ వాసన. టేబుల్ కింద ముద్దగా పడి ఉన్న గుడ్డను సునీత పెన్నుతో ఎత్తింది. గుడ్డ నిండా తెల్లటి కాగితపు నుసి, జిగురు. లేబుళ్ళు ఊడబీకి, మిగిలిన జిగురును స్పిరిట్‌తో తుడిచిన గుడ్డ అది.

టేబుల్ మీద బట్ట కప్పి ఉన్నది లేబుల్ మిషన్. సునీత బట్ట లాగి స్విచ్ వేసింది. ఆకుపచ్చ దీపం వెలిగింది.

"పాడైందన్నరు?"

"ఒక్కోసారి వెలుగుతది మేడం. కొట్టదు."

సునీత పక్కనున్న చెత్తడబ్బాలో చెయ్యి పెట్టి, అయిపోయిన నల్ల రిబ్బన్ చుట్ట బయటికి తీసింది. ఈ రకం మిషన్లో లేబుల్ మీద అంకె పడినప్పుడు రిబ్బన్ మీద సిరా ఆ అంకె ఆకారంలోనే ఊడిపోతుంది. రిబ్బన్‌ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు అడ్డంగా పట్టుకుంది. నల్లటి పట్టీలో తెల్లటి అంకెలు వరసగా కనిపించాయి. 419. 419. 419. ప్రతి అంకె కింద తేదీ. నిన్నటి తేదీ.

ఆమె ఓపిగ్గా లెక్కబెట్టింది. నలభై ఎనిమిది.

"రెండు వారాల నుంచి పాడైన మిషిన్ నిన్న నలభై ఎనిమిది లేబుళ్ళు కొట్టింది సార్."

సాయిబాబు రిబ్బన్ అందుకుని కళ్ళు చిట్లించి చూశాడు. "లేబుల్ కొట్టడం నేరం కాదండీ."

"అబద్ధం చెప్పడం?"

"అవి దూది కట్టలయి మేడం," అన్నాడు జీవన్ గబగబా. "దూది కట్టలకు కొట్టినం. మర్చిపోయిన."

సునీత రిబ్బన్‌ను సంచీలో వేసి సీలు చేసి, సాయిబాబు చేతనే సంతకం పెట్టించింది. టైము పదకొండూ నలభై.

* * *

కంప్యూటర్ ముందు శ్రీజ కూర్చుని ఉంది. నేరేడుచర్ల నుంచి రోజూ వచ్చిపోయే ఆపరేటరు. ఇరవై ఆరేళ్ళు ఉంటాయి. సునీతకు కుర్చీ ఇచ్చి లేచి నిలబడింది. రెండు చేతులూ చున్నీ అంచును నలుపుతున్నాయి.

సునీత మొదటి ప్రశ్న రాసింది. ఆ ఏడుగురి ఆపరేషన్లలో కంటి లోపల కడగడానికి వాడిన మందునీళ్ళ సీసాల స్టాక్ నంబర్లేమిటి? తెర మీద ఏడు వరసలు వచ్చాయి. కోదాడ ముగ్గురికీ 371. మిర్యాలగూడ ఇద్దరికీ 388. సూర్యాపేట ఇద్దరికీ 402.

"నేనూ ఇదే అడిగాను," అన్నాడు సాయిబాబు వెనక నుంచి. "మూడు ఊళ్ళు, మూడు నంబర్లు. ఒక నంబరుకూ ఇంకో నంబరుకూ సంబంధం లేదు. నా రిపోర్టు ఆరో పేజీలో రాశాను."

"ఆ తర్వాత ఏమడిగిన్రు?"

"ఏం అడగాలి?"

"ఆ మూడు నంబర్లు ఎక్కడి నుంచి వచ్చినయని."

స్టాక్ పట్టికలో 'పాత నంబరు' అని ఒక గడి ఉంది. వందల వరసల్లో అది ఖాళీ. తయారుచేసిన కంపెనీ నుంచి నేరుగా వచ్చిన సరుకుకు పాత నంబరు ఉండదు. సునీత 371 వరస తీసింది. పాత నంబరు గడిలో 305. 388 వరసలో 306. 402 వరసలోనూ 306.

సాయిబాబు చిన్నగా నవ్వాడు. "చూశారా? కోదాడది వేరు, మిగతా రెండూ వేరు. కోదాడ తప్పు కోదాడదే."

"ఒక్క మెట్టు ఎక్కి ఆగిపోతే గట్లనే కనిపిస్తది."

ఆమె కొత్త ప్రశ్న రాసింది. ఈ నంబరు ఏ నంబరు నుంచి పుట్టింది? వచ్చిన జవాబును మళ్ళీ అదే ప్రశ్నలో పెట్టు. దానికి వచ్చిన జవాబును మళ్ళీ పెట్టు. పాత నంబరు గడి ఖాళీ అయ్యేదాకా ఆగకు. ఎన్ని మెట్లున్నాయో ముందు తెలియనప్పుడు డేటాబేసును అడగాల్సిన పద్ధతి అదే. పన్నెండేళ్ళలో ఆమె ఇలాంటివి కొన్ని వందలు రాసి ఉంటుంది. చివరి మీట నొక్కింది.

371 నుంచి 305. 305 నుంచి 212.

388 నుంచి 306. 306 నుంచి 212.

402 నుంచి 306. 306 నుంచి 212.

212 వరసలో పాత నంబరు గడి ఖాళీ.

ఏడుగురి కళ్ళూ ఒక్క నంబరు దగ్గరికి వచ్చి ఆగాయి.

సాయిబాబు ముందుకు వంగి తెర చదివాడు. మళ్ళీ చదివాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఇదంతా గారడీ అండీ. సరుకంతా ఈ డిపో నుంచే పోతుంది. ఇంకాస్త వెనక్కి పోతే అన్నీ అన్నింటికీ చుట్టాలే అవుతాయి. ఏ లాయరైనా కోర్టులో నిమిషంలో కొట్టిపారేస్తాడు."

మాట పొగరుగానే ఉంది గాని ప్రశ్న సరైనదే. సునీత ఆ సంగతి మనసులో ఒప్పుకుంది.

"అట్లయితే కన్ను పోనోళ్ళను గూడ అడుగుదాం."

ఆగస్టులో మూడు ఆసుపత్రుల్లో అయిన ప్రతి ఆపరేషన్‌నూ అదే ప్రశ్నలోకి లాగింది. మొత్తం పదకొండు వందల నలభై. అందులో చివరికి 212 దగ్గరికి చేరినవి అరవై ఒకటి మాత్రమే. కన్ను పోయిన ఏడుగురూ ఆ అరవై ఒక్కరిలోనే ఉన్నారు. మిగిలిన వెయ్యీ డెబ్బై తొమ్మిది మందిలో ఒక్కరికి కూడా కన్ను పోలేదు.

"ఇప్పుడు చెప్పుండ్రి సార్. గారడీనా?"

సాయిబాబు ఫైలును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

సునీత శ్రీజ వైపు తిరిగింది. "ఈ పాత నంబర్లు నింపింది ఎవరమ్మా?"

"ఆమెకేం తెల్వదు మేడం," అన్నాడు జీవన్. "నేను చెప్పింది కొడ్తది, అంతే."

"నిన్ను అడగలే." సునీత గొంతు గదంతా మోగింది. "ఏడుగురి కళ్ళు పోయినయ్. ఒక ఆడపిల్ల పదకొండు రోజులు జైల్ల కూసున్నది. నువ్వు నోరు మూసుకో."

శ్రీజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ మాట మాత్రం తడబడలేదు.

"నేనే నింపిన మేడం. సారు వద్దన్నడు. కొత్త నంబరు ఒక్కటే పెట్టు, పాతది అవసరం లేదన్నడు. గట్ల పెడితే ఆ డబ్బాలు ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఉంటది గద. నా చేతులతోటి గట్ల పెట్టబుద్ధి కాలే."

"రెండుసార్లు ఎందుకు మార్చిన్రు?"

"212ను వాడొద్దని సిస్టమ్ ఆపేసింది. అందుకని ఫస్టు టైం రెండు భాగాలు చేసి 305, 306 అని పెట్టిచ్చిండు. జూన్‌ల వాడే తేదీ దాటిపోయింది. మళ్ళ ఆపేసింది. అప్పుడు కొత్త తేదీతోటి మళ్ళ నంబర్లు పెట్టిచ్చిండు." ఆమె చున్నీతో ముక్కు తుడుచుకుంది. "కళ్ళు పోయినయని నాకు తెల్వదు మేడం. మాకు ఎవరూ చెప్పలే. ఒట్టు."

"సిస్టమ్ ఎందుకు ఆపింది 212ను?"

"వాపసు వచ్చింది గదా మేడం. వాపసు చీటీ ఉంటది."

శ్రీజ వంగి రెండు మీటలు నొక్కింది. చీటీ తెరుచుకుంది.

తేదీ మార్చి తొమ్మిది. సీసాలు మూడు వందల ఇరవై. కారణం అన్నచోట రెండు వాక్యాలు. 'సీసా అడుగున తెల్లటి పోగులు తేలుతున్నాయి. ఇవి ఎవరికీ వాడకూడదు.' పంపిన ఆసుపత్రి కోదాడ. పంపినవారు థియేటర్ నర్సు బి. జమున.

సునీత ఆ పేరును మూడుసార్లు చదువుకుంది.

జమునకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"మార్చిల సీసాలు వాపసు పంపినవా జమునా? పోగులున్నయని?"

"పంపిన అక్కా. ఏదో ఒకటి ప్రతి నెలా పంపుతనే ఉంటం. అవి కాలబెట్టిన్రు గదా? కాలబెట్టినట్టు కాయితం గూడ వచ్చింది."

"ఆగస్టుల వచ్చిన సీసాలల్ల పోగులు కనిపించలేదా నీకు?"

"ఈసారి లేబుల్ పెద్దగ ఉండె అక్కా. అడుగు దాంక అతికిచ్చి ఉండె. లోపల కనిపించలే. ఎందుకు అడుగుతున్నవ్? అవేనా ఇవి? నేను వాపసు పంపినయే నా చేతికి మళ్ళ ఇచ్చిన్రా?"

సునీత ఫోన్ కట్ చేయకుండానే టేబుల్ మీద పెట్టి సాయిబాబు వైపు తిరిగింది.

"ఇన్నేండ్ల సర్వీసు సార్ మీది. వద్దని మొత్తుకున్న ఒక్క మనిషిని ఏరుకుని మరీ జైల్లకు పంపిన్రు. ఈ చీటీ మీరు చూడలేదా, చూడొద్దనుకున్నరా?"

"నాకు చూపించలేదు."

"మీరు అడిగిన్రా?"

సాయిబాబు జీవన్ వైపు తిరిగి చూశాడు.

"ఊకె నన్నెందుకు అంటరు?" జీవన్ ఉన్నట్టుండి అరిచాడు. "పైనుంచి ఫోన్ వస్తెనే చేసిన! మూడు వందల సీసాలు పారబోస్తవా అని నన్ను తిట్టిన్రు. ఒకటో రెండో పోగులుంటే ఏమైతదని..."

"ఏమైతదో సాలిని అడుగు పో."

పన్నెండూ యాభై. సునీత మళ్ళీ తెర వైపు తిరిగింది. మూడు వందల ఇరవై సీసాలు. ఆ అరవై ఒక్క ఆపరేషన్లకు ఎన్ని ఖర్చయి ఉంటాయి? మిగిలినవి ఎక్కడున్నాయి? ఇంతసేపూ పిల్ల నంబరు నుంచి తల్లి నంబరు వైపే నడిచింది. ఇప్పుడు ప్రశ్నను తలకిందులు చేసింది. 212ను పాత నంబరుగా పెట్టుకున్నవి ఏవి? వాటిని పాత నంబరుగా పెట్టుకున్నవి ఏవి? చివరిదాకా చెప్పు.

ఆ ప్రశ్న చూడగానే జీవన్ కదిలాడు. టేబుల్ చుట్టూ రెండడుగులు వేసి గోడ ప్లగ్గు మీద చెయ్యి వేశాడు.

లాగలేకపోయాడు. సాయిబాబు చెయ్యి అతని మణికట్టును పట్టేసింది. పాత పోలీసు పట్టు. జీవన్ విలవిల్లాడాడు.

"అలా కూర్చో," అన్నాడు సాయిబాబు. గొంతు పెంచలేదు.

తెర మీద వరసలు దిగాయి. 305, 306. వాటి కింద 371, 388, 402. ఈ మూడు నంబర్ల సీసాలూ అయిపోయినట్టున్నాయి. వాటి కింద ఇంకొక వరస.

419. సీసాలు నలభై ఎనిమిది. నిన్న సాయంత్రం అయిదూ నలభైకి డిపో దాటింది. చేరిన చోటు సూర్యాపేట ఆసుపత్రి, ఆపరేషన్ థియేటర్.

"దూది కట్టలా?" అంది సునీత.

జీవన్ తల దించుకున్నాడు.

"శ్రీజా, సూర్యాపేటల ఇయ్యాల ఆపరేషన్లు ఉన్నయా?"

శ్రీజ అప్పటికే లిస్టు తెరిచింది. "గరిడేపల్లి క్యాంపు మేడం. పన్నెండు మంది. పొద్దున ఎనిమిదిన్నర నుంచి."

సునీత లేచి నిలబడింది. తను ఫోన్ చేస్తే ఆ థియేటర్లో ఎవరూ వినరు. వాళ్ళు వినే మనిషి ఈ గదిలో ఒక్కడే.

"ఆపించుండ్రి సార్."

సాయిబాబు జేబులోంచి ఫోన్ తీశాడు. బొటనవేలు తెర మీద ఆగింది. "ఎండీ గారికి ముందు..."

"ఆయన ఫోన్ ఎత్తేలోపల ఇంకొక కన్ను పోతది!"

సాయిబాబు ఎండీకి కాకుండా నేరుగా సూర్యాపేట థియేటర్‌కు కలిపి స్పీకర్ ఆన్ చేశాడు. అవతల నర్సు ఎత్తింది.

"నేను విజిలెన్స్ సాయిబాబును. ఇప్పుడు స్టాండుకు వేలాడుతున్న సీసా మీద నంబరు చదువమ్మా."

"నాలుగు, ఒకటి, తొమ్మిది సార్."

"తీసెయ్. ఆ నంబరున్న సీసా ఒక్కటి కూడా ఎవరూ ముట్టుకోకూడదు. డాక్టరు గారికి చెప్పు, నా మాటగా చెప్పు. బల్ల మీద ఎవరున్నారు?"

"ఎనిమిదో ఆమె సార్. మత్తు సూది ఇచ్చినం. ఇంకా మొదలుపెట్టలే."

సునీత వెంటనే ఫోన్ దగ్గరికి వంగింది. "ముందు అయిన ఏడుగురు ఎక్కడున్నరు?"

"నలుగురు వార్డుల ఉన్నరు మేడం."

"మిగిలిన ముగ్గురు?"

"వాళ్ళది పొద్దుగాలనే అయిపోయింది. పదకొండున్నరకు క్యాంపు వ్యాన్‌ల పోయిన్రు. ఇండ్లకు."

శ్రీజ ఆ ముగ్గురి వరసలు తెర మీదికి తెచ్చింది. సైదయ్య, చంద్రమ్మ, రాజమ్మ. ఊరు అన్నచోట గరిడేపల్లి మండలం అని మాత్రమే ఉంది. ఫోన్ నంబరు గడిలో ముగ్గురికీ ఒకటే నంబరు. క్యాంపు పెట్టినాయనది. శ్రీజ దానికి కలిపింది. స్విచాఫ్. మళ్ళీ కలిపింది. స్విచాఫ్.

"అక్కా." టేబుల్ మీద ఇంకా తెరిచే ఉన్న సునీత ఫోన్లోంచి జమున గొంతు వచ్చింది. అందరూ ఉలిక్కిపడ్డారు. "నేను మొత్తం విన్న. ఆ ముగ్గురు ఇంటికి పోయి పడుకుంటరు. రేపటిదాంక నొప్పి తెల్వదు. తెల్సేటాళ్ళకు చీము పడ్తది. ఇయ్యాల్నే డాక్టరు దగ్గరికి తీసుకపోయి కంట్ల మందు ఎక్కిస్తే దక్కుతది."

"మేము ఇప్పుడే బయల్దేరుతం."

"మీకు గంట పడ్తది. నేను ముప్పావుగంటల ఉంటా. హుజూర్‌నగర్ మీద నుంచి ఆటో మాట్లాడుకుంట."

"జమునా, నువ్వు కోదాడ దాటొద్దు. రోగుల దగ్గరికి పోవద్దు. బెయిల్ రద్దయితది. మళ్ళ లోపలేస్తరు."

"తెలుసక్కా."

చెప్పులు వేసుకుంటున్న చప్పుడు, తలుపు గడియ పడిన చప్పుడు ఫోన్లో స్పష్టంగా వినిపించాయి.

సాయిబాబు ఫోన్ వైపు వంగాడు. "అమ్మా, నేను సాయిబాబును. ఆ షరతు పెట్టించమని మా కంపెనీ లాయరుకు చెప్పింది నేనే."

అవతల అడుగుల చప్పుడు ఆగింది. ఎవరూ కదల్లేదు. జీవన్ కూడా తల ఎత్తి చూశాడు. ఏదో బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. తర్వాత అడుగుల చప్పుడు మళ్ళీ మొదలైంది, ఇంతకుముందు కన్నా వేగంగా.

"సార్, ఆ ముగ్గురిల షుగర్ ఉన్నోళ్ళెవరో చదువుండ్రి. ఫస్టు వాళ్ళను పట్టుకోవాలె."

సాయిబాబు చేతిలోని ఫైలును కుర్చీలో పడేసి, జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని తెర దగ్గరికి వంగాడు.

"చంద్రమ్మ," అన్నాడు. "అరవై ఎనిమిదేళ్ళు. షుగర్ మూడు వందల పది. ఒంటరిగా ఉంటుందని రాసుంది."